చందమామ స్వర్ణయుగము: సంగ్రాహకుల కాలవిభజన

పాత పత్రికలను కూర్చి దాచుకొనువారికి కాలవిభజన మిక్కిలి ముఖ్యమైన విషయము. ఏ సంచికను వెదకవలెను, దేనికి హెచ్చు వెల యీయవలెను అను ప్రశ్నలన్నియు దానిపైననే ఆధారపడి యుండును. అమెరికాదేశమున బొమ్మల కథల సంచికలను సంగ్రహించువారు తమ సామగ్రిని స్వర్ణయుగము, రజతయుగము, కాంస్యయుగము అని లోహముల పేర విభజించుకొనిరి. 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికయందు సూపర్‌మాన్ అవతరించుటతో స్వర్ణయుగము మొదలైనదనియు, 1956లో 'షోకేస్' నాలుగవ సంచికయందు ఫ్లాష్ అను వీరుడు క్రొత్త రూపమున వచ్చుటతో రజతయుగము మొదలైనదనియు వారిలో వాడుక. ఈ పేళ్లు విశ్వవిద్యాలయములలో పుట్టినవి కావు; పాఠకాభిమానులును, పాతసంచికల వర్తకులును వాడుకలోనికి తెచ్చినవి. అయినను సాహిత్యచరిత్రకారులు సైతము నేడు వానినే గ్రహించుచున్నారు.

తెలుగున అట్టి సంగ్రాహకాభిమానమును పొందిన పత్రిక చందమామ. అది కేవలము బొమ్మల కథల పత్రిక కాదు. బొమ్మలతో కూడిన కథల పత్రిక. కాని తరతరముల పిల్లల మనస్సులలో వీరుల రూపములను, మాంత్రికుల రూపములను, భేతాళుని రూపమును స్థిరముగా నిలిపిన పత్రిక మఱియొకటి మనకు లేదు. కావున దాని ఉత్తమదశ యేది, ఆ దశను నిర్ణయించుటకు ప్రమాణమేది అను ప్రశ్న సంగ్రాహకుల ముచ్చట మాత్రమే కాదు; ఇరువదవ శతాబ్ది తెలుగు వచనచరిత్రకు సంబంధించిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు త్వరపాటు కూడ కలదు. విజయవాడ రహదారి హైదరాబాదు నగరమున ప్రవేశించు ఎల్.బి.నగరు మొదలు దిల్‌సుఖ్‌నగరు వఱకు గల పేటలను చూడుడు. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు ఇచట అనేకము. ఇల్లు మాఱునపుడును, పెద్దలు గతించినపుడును అటకమీది పాత చందమామలు తూకమునకు పోవుచున్నవి. దిల్‌సుఖ్‌నగరు కూడలిలో పోటీపరీక్షల పుస్తకములకు గల గిరాకి వీనికి లేదు. పాతకాగితముల వర్తకుని త్రాసునుండి తప్పించుకొన్నవి కోఠీలోని పాతపుస్తకముల అంగళ్లకో, ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటకో చేరును. తక్కినవి గుజ్జయి మరల కాగితమగును. ఏది నిలుపదగినదో తెలియకున్న అన్నియు పోవును.

పుట్టుక: 1947–1952

తెలుగున పిల్లల పత్రికకు చందమామ తొలి యత్నము కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మదరాసున 'బాల' పత్రికను వెలువరించిరి. 1947 జూలైలో బి.నాగిరెడ్డి, చక్రపాణి కలసి చందమామను స్థాపించిరి. చక్రపాణి అసలుపేరు ఆలూరి వెంకటసుబ్బారావు, తెనాలివారు, శరత్‌చంద్రుని వంగనవలలను తెలుగు చేసి పేరుగన్నవారు. నాగిరెడ్డికి సొంత ముద్రణాలయము కలదు. కథ యెఱిగిన సంపాదకుడును, ముద్రణ యెఱిగిన ప్రకాశకుడును ఒక్కచోట కలియుట ఈ పత్రికకు లభించిన మొదటి భాగ్యము. తమిళమున 'అంబులిమామ' అను పేరను, పిదప కన్నడ, హిందీ, మరాఠీ, మలయాళాది భాషలలోను, 1955నుండి ఆంగ్లమునను ఇది విస్తరించినది. ఒకే చిత్రము పలుభాషల సంచికలకు ఉపయోగపడుటవలన చిత్రకారులపై హెచ్చుగా వ్యయపఱుచుటకు వీలు చిక్కినది. బొమ్మల నాణ్యమునకు ఈ ఆర్థికకారణమును మఱువరాదు.

తొలి సంవత్సరములలో చిత్రభారమును ముఖ్యముగా వహించినవారు 'చిత్రా' అను పేర ప్రసిద్ధులైన టి.వి.రాఘవన్, కన్నడదేశీయులగు ఎం.టి.వి.ఆచార్య. ఈ దశ సంచికలు నేడు మిక్కిలి అరుదు. అందుచేతనే కొందఱు సంగ్రాహకులు వీనినే శ్రేష్ఠములని యెంతురు. కాని అరుదగుట వేఱు, ఉత్తమమగుట వేఱు. ఈ అయిదేండ్లలో పత్రిక తన స్వరమును వెదకుకొనుచున్నది. వచనము ఒక్క పుటనుండి మఱియొక పుటకు మాఱుచుండును.

సంధికాలము: 1952

చందమామ చరిత్రయందు 1952 సంవత్సరమునకు విశిష్టస్థానము కలదు. ఆ యేట కొడవటిగంటి కుటుంబరావు సంపాదకవర్గమున చేరి 1980లో మరణించువఱకు పత్రికను నడపెను. ఆ యేటనే దాసరి సుబ్రహ్మణ్యము చేరెను. అర్ధశతాబ్దికి పైగా ఆ కార్యాలయముననే యుండెను. ఆ యేటనే 'శంకర్' అని సంతకము చేయు కె.సి.శివశంకరన్ చిత్రకారుడుగా ప్రవేశించెను. ఆయన మదరాసు ప్రభుత్వ చిత్రకళాశాలలో విద్యనభ్యసించి, 'కలైమగళ్' అను తమిళపత్రికలో పనిచేసి వచ్చినవాడు. ముగ్గురు వేర్వేఱు శిల్పులు ఒకే సంవత్సరమున ఒకే కార్యాలయమున చేరుట యాదృచ్ఛికమే కావచ్చును. దాని ఫలము మాత్రము యాదృచ్ఛికము కాదు.

కుటుంబరావు చేసిన మహాకార్యము చందమామ వచనమును ఏకరూపము చేయుట. అప్పటికే కథకుడుగా, నవలాకారుడుగా లబ్ధప్రతిష్ఠుడగు ఆయన, వచ్చిన రచనలను తన కలముతో తిరుగవ్రాసి, చిన్నవాక్యములతో, పదాడంబరము లేని తేటభాషతో నింపెను. హోమరు 'ఒడిస్సీ' ఆయన చేతిలో 'రూపధరుని యాత్రలు' అయినది. రామాయణ భారతములు మొదలు అరేబియా కథలవఱకు అన్నియు ఒకే తెలుగింటి అరుగుమీద కూర్చున్న పెద్దవాడు చెప్పినట్లు వినవచ్చును. కాని పత్రికపై సంపాదకుడుగా కనబడు పేరు చక్రపాణిదే. ఇరువదియెనిమిది సంవత్సరములు తీర్చిదిద్దిన వాని పేరు ఆ పుటలలో కానరాదు.

వీరుని బలము

1954లో 'తోకచుక్క' అను ధారావాహిక మొదలైనది. తరువాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూకమాంత్రికుడు అనునవి వెలువడినవి. ఈ పండ్రెండింటిని రచించినవాడు దాసరి సుబ్రహ్మణ్యము. వీనిలో పెక్కింటికి చిత్రములు చిత్రా కుంచెనుండి వచ్చినవి. రచయిత పేరు ముద్రింపబడలేదు.

ఈ కథలలోని వీరులను పాశ్చాత్య చిత్రకథలలోని మహాబలులతో పోల్చిచూచిన ఒక భేదము స్పష్టమగును. సూపర్‌మాన్ వంటి వాడు అతిమానుషశక్తిని తానే ధరించి యుండును. దాసరి వీరునకు అట్టి శక్తి లేదు. తోకచుక్కలోని సమరసేనుడు ఒక సేనాని. రాకాసిలోయలోని కేశవుడు, జయమల్లుడు సాధారణయువకులు. శక్తియంతయు ఎదుటివారిది. ఏకాక్షి, చతుర్నేత్రుడు, బ్రహ్మదండి మాంత్రికుడు అను వారి పేళ్లలోనే భయము కలదు. ఒంటికన్ను మాంత్రికునికిని, నాలుగుకన్నుల మాంత్రికునికిని నడుమ చిక్కిన మనుష్యుడు తన తెలివితో, తోడివారి స్నేహముతో బయటపడుట ఈ కథల సారము. అందుచేత చిత్రకారుని ప్రతిభ వీరునికంటె ప్రతివీరునిపై హెచ్చుగా ప్రసరించినది. చిత్రా బొమ్మలను తలచుకొను పాఠకుడు మొదట తలచునది రాకుమారుని కాదు, మాంత్రికుని.

విక్రమార్కుని కథలయందు ఈ తత్త్వము మఱింత సూక్ష్మముగా కానవచ్చును. సంస్కృత భేతాళకథలు ఇరువదియైదు. 1950ల దశకమున చందమామయందు మొదలైన భేతాళకథలు ఆ సంఖ్యను దాటి, పాతచట్రమున క్రొత్తకథలను నింపుకొనుచు దశాబ్దముల తరబడి సాగినవి. రాజు శవమును భుజముపై మోయుచు మౌనముగా నడచును. భేతాళుడు కథ చెప్పి చిక్కుప్రశ్న వేయును. తెలిసియు చెప్పకున్న తల పగులును. చెప్పిన మౌనభంగమై శవము మరల చెట్టెక్కును. ఇందు వీరుడు తన జ్ఞానముచేతనే ప్రతిమాసము ఓడిపోవుచున్నాడు, ఐనను మరునెల మరల చెట్టుకడకు పోవుచున్నాడు. 'పట్టువదలని విక్రమార్కుడు' అనుమాట తెలుగువారి నిత్యవ్యవహారమున నాటుకొని యుండుటకు చందమామ చేసిన దోహదము తక్కువ కాదు. కత్తి చేతబట్టి, శవమును భుజమునవేసికొని శ్మశానమున నడచు రాజును శంకర్ చిత్రించిన రూపమే భారతదేశమున పలుభాషల పాఠకులకు విక్రమార్కుని రూపమైనది. శంకర్ 2020లో తొంబదియారవ యేట దివంగతుడయ్యెను; 2021లో ఆయనకు మరణానంతరము పద్మశ్రీ ప్రకటింపబడినది.

వడ్డాది పాపయ్య ముఖచిత్రములు

1960 ప్రాంతమునుండి 'వపా' యను సంతకము చందమామ అట్టలమీద కానవచ్చును. శ్రీకాకుళమున 1921లో జన్మించి, మదరాసునకు దూరముగా కశింకోటలో నివాసమేర్పఱచుకొని, 1992లో అచటనే మరణించిన వడ్డాది పాపయ్య, పురాణస్త్రీపురుషులకు విలక్షణమైన వర్ణములను, సన్నని నడుములను, విశాలనేత్రములను ఇచ్చెను. ఒకవర్గము సంగ్రాహకులకు చందమామ యనగా వపా ముఖచిత్రమే. వారు 1960–1980 నడిమి సంచికలనే కోరుదురు. ముఖచిత్రమును కత్తిరించి పటము కట్టించుకొనువారును కలరు.

ఇట్లు సంగ్రాహకులలో మూడు పక్షములు కానవచ్చుచున్నవి. ప్రాచీనతను కోరువారు 1947–1952 సంచికలను, ధారావాహికలను కోరువారు 1954 మొదలుగా దాసరి కథలు గల సంచికలను, చిత్రమును కోరువారు వపా కాలమును ఉత్తమదశ యందురు. మూడింటను సత్యాంశ మున్నది. కాని మూడును ఒక్కొక్క అంగమును చూచి యుగమును నిర్ణయించుచున్నవి.

యుగాంతము

నా అభిప్రాయమున ఉత్తమదశకు హద్దులు ఆరంభమున 1952, అంతమున 1980. ఆరంభకారణములు పైన చెప్పబడినవి. అంతకారణము మూడు మరణములు. 1975లో చక్రపాణి, 1978లో చిత్రా, 1980లో కుటుంబరావు గతించిరి. అయిదేండ్లలో అభిరుచిని నిర్ణయించువాడు, రూపమును కల్పించువాడు, భాషను తీర్చువాడు క్రమముగా తొలగిరి. శంకర్, వపా, దాసరి మిగిలియే యుండిరి. పత్రిక మంచి సంచికలను వెలువరించుచునే యుండెను. కాని కొత్త యుగమును కల్పించుటకు వలసిన సమష్టి అచట లేకపోయెను. దాసరి ధారావాహికలలో కొన్ని తరువాతి దశాబ్దములలో చందమామయందే మరల ముద్రింపబడినవి. ఒక పత్రిక తన వెనుకటి సంపదను మరల పంచుకొన మొదలిడుట యుగాంతమునకు తిరుగులేని గుర్తు. 1998లో నిలిచిపోయిన పత్రిక 1999లో మరల మొదలైనది. 2007లో ముంబయి సంస్థయొకటి దానిని కొనెను. 2012–13 ప్రాంతమున అచ్చు పూర్తిగా ఆగిపోయినది.

ఇచట చక్రపాణి పాత్రనుగూర్చి ఒక ఉదాహరణము చెప్పదగును. రాకాసిలోయకును పాతాళదుర్గమునకును నడుమ, 1960ల మధ్యభాగమున, చందమామ బంకించంద్రుని 'దుర్గేశనందిని'ని ధారావాహికగా ప్రకటించినది. మాంత్రికుల కథలపై చక్రపాణికి ఆదరము తక్కువయనియు, పాఠకుల ఒత్తిడివలన దాసరి కథలు మరల వచ్చెననియు పత్రికయందు పనిచేసినవారి నోట వినవచ్చు మాట. ఈ మాట యెట్లున్నను, వరుసగా సంచికలను చూచువానికి ఆ మార్పు కంటబడును. దాసరి కథలను మాత్రము విడదీసి కుట్టించుకొన్న సంపుటమున అది కానరాదు. రాకాసిలోయ ముగిసిన మరుపుటనుండియే పాతాళదుర్గము మొదలైనట్లు తోచును. సంపాదకుని అభిరుచికిని పాఠకుల అభిరుచికిని జరిగిన పెనుగులాట ఆ కుట్టుదారముక్రింద మఱుగుపడును.

పేరులేని కర్తలు

ఇదియే ఈ వ్యాసమున చెప్పదలచిన ముఖ్యాంశము. చందమామ ఉత్తమదశను నిర్మించినవారిలో చిత్రకారులు మాత్రమే తమ పేళ్లను పుటపై ఉంచగలిగిరి. చిత్రా, శంకర్, వపా అను సంతకములు బొమ్మ మూలలో నున్నవి. రచయితలకు, తీర్చినవారికి ఆ భాగ్యము లేదు. అమెరికాదేశమునను ఇట్టి అన్యాయము జరిగినది. బాట్‌మన్ అను వీరుని రూపొందించుటలో ప్రధానపాత్ర వహించిన బిల్ ఫింగర్ 1974లో మరణింపగా, ఆయన పేరు అధికారికముగా చేర్చబడుట 2015లో గాని జరుగలేదు. డిస్నీ బాతుకథలను వ్రాసి చిత్రించిన కార్ల్ బార్క్స్ పేరు చిరకాలము పాఠకులకు తెలియదు. వారు గీతలోని విశేషమునుబట్టి ఆయనను 'మంచి బాతు చిత్రకారుడు' అని గుర్తించి, పిదప వెదకి పేరు కనుగొనిరి. వెదకినవారు పండితులు కారు, పాతసంచికలను దాచుకొన్న సామాన్యులు.

దాసరి విషయమునను అట్లే జరిగినది. పాఠకాభిమానులు ఆయనను చివరి దశలో గుర్తించి గౌరవించిరి. 2010లో ఆయన మరణించిన పిమ్మట ఆ ధారావాహికలు కర్తృనామముతో పుస్తకరూపమున హైదరాబాదునుండి వెలువడినవి. ఇది సంతోషకరము. కాని పుస్తకము కథను నిలుపును, సంచికను నిలుపదు. ఏ నెలలో ఏ కథకు ప్రక్కన ఏ కథ వచ్చినది, ముఖచిత్రము లోపలి పురాణకథతో ఎట్లు సంబంధించినది, ఏ ప్రకటనలు పత్రికను పోషించినవి, ఫోటో వ్యాఖ్యల పోటీలో గెలిచినవారు ఏ యూళ్లవారు అను విషయములు సంచికయందే కలవు. ఆ యూళ్ల పేళ్లను కూర్చిన చందమామ ఎంతదూరము పోయెనో తెలుపు పాఠకపటము ఏర్పడును. సంచికల ఛాయాప్రతులు కంప్యూటరులో లభించుట మేలే. అవి చదువుటకు చాలును. కాగితపు జాతిని, రంగుల అచ్చును పరిశీలించుటకు మూలసంచికయే కావలెను.

పేరు ముద్రింపబడని రచనకు కర్తను నిర్ణయించుటకు సాధనములు మూడు: శైలి, వరుస, సాటిసాక్ష్యము. శైలిని ఒక్క కథనుండి తెలియలేము. వందల పుటలు కావలెను. వరుసకు తెగని సంచికలు కావలెను. సాటిసాక్ష్యమునకు పనిచేసినవారి జ్ఞాపకములు కావలెను. వారిలో పెక్కుమంది నేడు లేరు. కాబట్టి మిగిలిన సాక్షి సంచికయే. ధారావాహికను చింపి కుట్టించుకొన్న భక్తుడును, అట్టను కత్తిరించి పటముకట్టిన రసికుడును, తూకమునకు వేసిన గృహస్థుడును ఈ విషయమున సమానులే. మొదటి యిద్దఱి ప్రేమ కాదనరానిది. దాని ఫలము మాత్రము మూడవవాని నిర్లక్ష్యమునకు దగ్గరగా నున్నది.

చేయదగిన పని

1947 జూలైనుండి 1980 ఆగస్టువఱకు నెలకొకటి చొప్పున లెక్కించిన చందమామ సంచికలు సుమారు 400. ఇది అలవికాని సంఖ్య కాదు. సంచికకొక పుటచొప్పున, అందలి రచనలు, చిత్రకారుల సంతకములు, ధారావాహికల భాగసంఖ్యలు, పోటీల విజేతల యూళ్లు, ప్రకటనలు నమోదుచేసిన ఒక్క సంపుటమున వర్ణనాత్మకసూచిక సిద్ధమగును. తెలుగుశాఖ విద్యార్థులు పదిమంది రెండేండ్లలో చేయదగిన పని. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రము వంటి గ్రంథాలయములు పాతపత్రికలను భద్రపఱచుచున్నవి. ఇండ్లలో మిగిలిన సంచికలను అచటికి చేర్చినచో లోపించిన వానిని పూరించుకొనవచ్చును.

సంగ్రాహకునకు చెప్పదగిన సూత్రము కూడ ఇందుండియే తేలును. 1952–1980 నడిమి సంచికలకు ప్రాధాన్యమీయవలెను. అట్టలేని సంచికనైనను త్రోసివేయరాదు. అట్ట మాత్రమే యున్నను దాచవలెను. బైండు చేయింపదలచిన సంవత్సరమునంతటిని ముఖచిత్రములతో, ప్రకటనలతో కలిపి చేయింపవలెను గాని కథను విడదీయరాదు. పాతసంచిక యని కొనునపుడు కథ పేరునుబట్టి కాక సంచికపైని మాససంవత్సరములనుబట్టి నిర్ణయింపవలెను. ధారావాహికల పునర్ముద్రణమువలన కథ పాతదైనను సంచిక క్రొత్తది కావచ్చును.

స్వర్ణయుగము అను మాటలో బంగారపు వెల ధ్వనించుచున్నది. చందమామ విషయమున ఆ మాటకు అర్థము వేఱు. ఒకరి పేరు మఱియొకరు అడుగక, అభిరుచి యొకరిది, భాష యొకరిది, కల్పన యొకరిది, రూపము వేఱొకరిదిగా ఇరువదియెనిమిది సంవత్సరములు నెలనెలయు సాగిన సమష్టిశిల్పమే ఆ యుగము. ఆ శిల్పులలో ఎవరి భాగమెంతయో నిర్ణయించుట మన తరము పరిశోధకుల విధి. సాక్ష్యము ఇంకను కొన్ని యిండ్ల అటకలమీద నున్నది.